పొదల మధ్య జాగా: సలీం అలీ స్మారక ఉపన్యాసం



పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజున, ఆయన పేరు మీద, కడపలో మాట్లాడమన్నారు. మనిషికీ ఊరికీ నిజమైన సంబంధమే ఉంది. 1931-32లో ఆయన, భార్య తెహమీనా కలిసి నిజాం రాజ్యమంతా బండి మీదా కాలినడకనా తిరిగి పక్షుల లెక్క రాశారు. తెలుగు నేల పిట్టల మీద శాస్త్రీయంగా సాగిన పెద్ద పనుల్లో అదొకటి. ఆయనకు 89 ఏళ్ళు వచ్చాక, బొంబాయికి ఈ జిల్లా నుంచి ఒక వార్త వెళ్ళింది. 1900 తర్వాత ఎవరూ చూడలేదనుకున్న కలివికోడి సిద్ధవటం వైపు రెడ్డిపల్లి పొదల్లో దొరికిందని. అది 1986 జనవరి. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

నేనీరోజు మాట్లాడబోయేది ఆ పిట్ట గురించి. దాని మీదుగా ఒక పెద్ద ప్రశ్న గురించి. ఒక జీవజాతి అంతరించే ప్రమాదంలో పడిందని అంటుంటాం. ఆ ప్రమాదం ఎక్కడ పుడుతుంది? తుపాకీ పట్టినవాడి దగ్గరా, గొడ్డలి పట్టినవాడి దగ్గరా? నాకు అర్థమైనంతలో చాలా జాతుల విషయంలో అది ఈ ఇద్దరి దగ్గరా పుట్టడం లేదు. ఆ జీవి చుట్టూ మనుషులు బతికే తీరు మారినప్పుడు పుడుతోంది. ఆ మార్పులో నేరం ఉండదు, దురుద్దేశం ఉండదు, చాలాసార్లు చట్టం కూడా అడ్డుచెప్పదు. అందుకే అది మనకు కనపడదు.

ముందు పిట్ట కథ చెబుతాను. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ కావర్‌హిల్ జెర్డన్ సంపాదించిన నమూనా ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూశాడు. 1900లో హోవార్డ్ క్యాంప్‌బెల్ పెన్నా లోయలో అనంతపురం వైపు చూశాడు. అంతే, ఆపైన రాతల్లో మౌనం. 1929-30లో తూర్పు కనుమల్లో వెర్నే సర్వే జరిగింది, పిట్ట దొరకలేదు. 1970లలో మళ్ళీ వెతికారు, దొరకలేదు. పోయిందనుకున్నారు.

అయితే అది పోలేదు. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు ఉండేది. కోలార్ బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించినది. అది కలివికోడి గుడ్డేనని 2013లో డీఎన్‌ఏ పరీక్షతో తేలింది. ప్రపంచంలో ఈ జాతి గుడ్డుగా మనకు తెలిసింది ఆ ఒక్కటే. అంటే పుస్తకాలు చివరిసారి అని రాసుకున్న ఏడాది తర్వాత 17 ఏళ్ళకు కూడా కోలార్ చుట్టూ అది గుడ్లు పెట్టుకుంటూనే ఉంది. ఆ పొదల్లో తిరిగే పశులకాపరిని ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాడేమో. అడిగినవాళ్ళు లేరు.

1986లో అడిగారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ ఊరూరా తిరిగి, బొమ్మ చూపించి, ఇలాంటి పిట్ట మీ ఎరుకలో ఉందా అని వాకబు చేశారు. ఉందన్నారు. పేరు కూడా చెప్పారు. చివరికి ఆ ప్రాంతపు వేటగాడు ఒకరు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో పట్టి తెచ్చారు. శాస్త్రానికి 86 ఏళ్ళుగా కనపడని జీవి ఆయనకు ఎప్పుడూ కనపడుతూనే ఉంది. పట్టుబడిన ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు, అది వేరే విచారం. కానీ ఆ వెలికితీత వల్లే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు. ఒక్క పిట్ట కోసం ఇంత అడవిని కేటాయించడం మామూలు సంగతి కాదు.

ఇక్కడ నుంచి అసలు విషయం మొదలవుతుంది.

కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. ఎగరడం కంటే నేలమీద నడవడమే ఎక్కువ. పగలు పొద నీడలో కదలకుండా కూర్చుంటే అడుగు దూరంలో ఉన్నా మన కంటికి ఆనదు. అందుకని 2000 తర్వాత పంచపకేశన్ జగన్నాథన్, ఆయన సహచరులు కొత్త దారి పట్టారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీద పడ్డ కాలిముద్రలు చదివారు. ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. పిట్ట అరుపును రికార్డు చేశారు. అంతవరకూ దాని గొంతు ఎలా ఉంటుందో శాస్త్రానికి తెలియదు. పొద్దుగూకిన ముప్పావుగంట తర్వాత కొద్దిసేపు మాత్రమే అరుస్తుందని తేలింది.

ఆ కాలిముద్రల లెక్కలోంచి ఒక విలువైన సంగతి బయటపడింది. ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు. బోడి నేలా పనికిరాదు. రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోటే దాని అడుగులు ఎక్కువగా కనిపించాయి. తుమ్మ, రేగు, కలివి పొదలు, వాటి మధ్య నడవడానికి, పురుగుల్ని ఏరుకోవడానికి కాస్త జాగా. దానికి కావలసింది ఆ జాగా.

ఆ జాగాను అలా ఉంచుతున్నది ఎవరు? మేకలు, గొడ్లు, వంటచెరకు కొట్టుకునే మనుషులు. మేత మరీ ఎక్కువైతే పొద చచ్చిపోతుంది, నేల బోడిదవుతుంది. మేత పూర్తిగా ఆగిపోతే పొదలు అల్లుకుపోతాయి, నడిచే జాగా మూసుకుపోతుంది. రెండు వైపులా ప్రమాదమే. ఆ లంకమల అభయారణ్యం అంచున ఉన్న ఊళ్ళ జనం తరతరాలుగా ఎంత మేపారో, ఎంత కొట్టుకున్నారో, ఆ మోతాదులోనే ఈ పిట్ట నిలబడింది. వాళ్ళు దాన్ని కాపాడాలనుకుని కాపాడలేదు. వాళ్ళ బతుకు అలా ఉండేది కాబట్టి దాని బతుకు సాగింది.

ఆ బతుకు మారింది. సోమశిల జలాశయం ముంపు గ్రామాల జనం కొందరు వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. వాళ్ళకు ఇళ్ళు కావాలి, పొలాలు కావాలి, ఎవరు కాదంటారు? పొదలు కొట్టి నిమ్మతోటలు వేశారు. ఉపగ్రహ చిత్రాలతో ఈ ప్రాంతాన్ని పరిశీలించినవాళ్ళు 1991 నుంచి 2000 వరకు తొమ్మిదేళ్ళలోనే పదో వంతుకు పైగా పొదనేల పోయిందని, అందులో చాలాభాగం సాగులోకి వెళ్ళిందని తేల్చారు. 2005 చివర్లో తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్ని కొంతమేర చదునుచేశాయి. శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది, చివరికి కాలువ దారి మార్చారు. ఈ సంగతి తలచుకున్నప్పుడు నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క కలవరం. రాయలసీమ రైతుకు కాలువ నీళ్ళంటే ఏమిటో ఈ సభలో నేను చెప్పక్కర్లేదు. నీళ్ళూ కావాలి, పిట్టా కావాలి అని తేల్చి దారి మార్చిన ఉదాహరణలు మన దేశంలో ఎక్కువ లేవు. దాన్ని మనం గర్వంగా చెప్పుకోవాలి. అయితే 2008 తర్వాత చాలా ఏళ్ళపాటు ఈ పిట్ట జాడ స్పష్టంగా దొరకలేదన్నది కూడా అంతే నిజం. కాలువ దారి మారింది గానీ, చుట్టూ ఉన్న ఊళ్ళ ఆర్థికం మారే దారి మారలేదు.

అంతరించే ప్రమాదాన్ని శాస్త్రం ఎలా కొలుస్తుందో ఇక్కడ కొంత చెప్పాలి. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ 1964 నుంచి ఎర్ర జాబితా తయారుచేస్తోంది. 1994లో దానికి లెక్కలతో కూడిన కొలమానాలు పెట్టారు. పదేళ్ళలోగానీ మూడు తరాల్లోగానీ ఒక జాతి సంఖ్య 80 శాతం పడిపోతే తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టు. ఈడుకొచ్చిన జీవులు 50 కంటే తక్కువగా మిగిలినా అంతే. ఉండే చోటు చాలా చిన్నదై, ముక్కలై, ఇంకా కుంచించుకుపోతున్నా అంతే. 2024 చివరికి 1.66 లక్షల జాతుల్ని ఇలా పరిశీలిస్తే 46 వేలకు పైగా ఏదో ఒక స్థాయి ప్రమాదంలో ఉన్నాయి. ఉభయచరాల్లో వందకు 41, పక్షుల్లో వందకు 12 దాకా. కారణాల విషయానికొస్తే 2019లో వెలువడిన ఐపీబీఈఎస్ నివేదిక ఒక వరస ఇచ్చింది: నేలనూ సముద్రాన్నీ మనం వాడుకునే తీరు మారడం మొదటిది, వేట, చేపల పట్టు వంటివాటితో నేరుగా తోడుకోవడం రెండోది, ఆ తర్వాత వాతావరణ మార్పు, కాలుష్యం, బయటినుంచి వచ్చిపడ్డ జాతులు. మొదటి కారణం నేల వాడకమన్నది గమనించండి. తుపాకీ రెండో చోట ఉంది.

ఈ కొలమానాల్లో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. జాతిని తగ్గించేది ఒకటి, తగ్గిపోయినదాన్ని ముగించేది ఇంకొకటి. అమెరికాలో హీత్ హెన్ అనే నేలకోడి కథ దీనికి గొప్ప సాక్ష్యం. తూర్పు తీరమంతా ఉండేది. వేటతో తరిగి తరిగి మార్తాస్ విన్‌యార్డ్ అనే ఒక్క దీవిలో మిగిలింది. 1908లో అక్కడ రక్షిత ప్రాంతం పెడితే 50 దాకా ఉన్నవి ఎనిమిదేళ్ళలో రెండువేలకు చేరాయి. అందరూ గెలిచామనుకున్నారు. 1916లో కార్చిచ్చు వచ్చి గూళ్ళు తగలబెట్టింది. వెంటనే తీవ్రమైన చలికాలం, ఆ చలికి దీవిలోకి దిగిన డేగలు, ఆపైన రోగం. 1927 నాటికి మిగిలినవి పదమూడు, వాటిలో ఆడవి రెండే. చివరిది 1932లో కనిపించింది. మంట, చలి, డేగ ఆ జాతి వేల ఏళ్ళుగా చూసినవే. తీరమంతా ఉన్నప్పుడు ఒకచోట మంట వస్తే ఇంకోచోట బతికేవి. ఒక్క దీవిలోకి కుదించుకుపోయాక తప్పుకునే చోటు లేదు. నూనె తగ్గిన దీపానికి ఏ గాలైనా ఒకటే. గోదావరి నుంచి పెన్నా దాకా ఉన్న కలివికోడి లంకమల అంచుకు కుదించుకున్నప్పుడు మనం భయపడాల్సింది ఇందుకే.

బట్టమేక పిట్ట సంగతి మనకింకా దగ్గరిది, బాధాకరమైనది. దాన్ని జాతీయ పక్షిగా ప్రకటించాలని సలీం అలీ కోరిన సంగతి మీలో చాలామందికి తెలుసు. 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. బట్టమేక పిట్ట కోసం 1988లోనే కర్నూలు జిల్లా రోళ్ళపాడులో 614 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం పెట్టారు, ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. 1980లలో అక్కడ ఆ పిట్టలు బాగానే ఉండేవి. చుట్టూ వర్షాధారపు జొన్న, కొర్ర, ఉలవ చేలు ఉండేవి. పంట కోశాక ఆ చేలల్లోనే పిట్టలు మేసేవి. కాలక్రమంలో సాగునీరు వచ్చింది, పంటలు మారాయి, మందుల వాడకం పెరిగింది. కంచె వేసిన కొద్దిపాటి గడ్డిలో కృష్ణజింకలు పెరిగి రైతుల పంటల మీద పడ్డాయి. రైతుకు అభయారణ్యం మీద కోపం వచ్చింది, ఎందుకు రాదు? కంచె లోపల గడ్డి ఉంది, కంచె బయట పిట్టకు కావలసిన వ్యవసాయం పోయింది. ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట దాదాపు కనపడకుండా పోయింది.

మిగిలినవి దాదాపు అన్నీ రాజస్థాన్ జైసల్మేర్ ఎడారిలో ఉన్నాయి. మొత్తం 150కి అటూఇటూ. అక్కడ కొత్త గండం కరెంటు తీగలు. పదిహేను కిలోల దాకా తూగే ఈ పక్షి ఎగురుతూ చటుక్కున పక్కకు తిరగలేదు, కళ్ళు తలకు పక్కలకు ఉండడంతో ఎదురుగా ఉన్న సన్నని తీగ ఆనదు. తీగలు తగిలి ఏడాదికి దాదాపు 18 చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు పెట్టే జాతికి 18 అంటే ఏమిటో మీరే లెక్క వేసుకోండి. తీగల్ని భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించింది. సౌరవిద్యుత్తు వాతావరణ మార్పుకు మందు. ఆ మందు తీగ ఇంకో జాతి మెడకు తగులుతోంది. దీన్ని ఎవరి తప్పుగా చూపాలో నాకు తెలియడం లేదు. 2024 అక్టోబరులో అక్కడి పెంపక కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. చాలా ఆనందించాను. ఆ పిల్ల పెద్దదయ్యాక ఎగరాల్సిన ఆకాశంలో తీగలు అలాగే ఉన్నాయి.

అరుదైన జాతులే పోతాయని ఎవరైనా అనుకుంటే రాబందుల్ని తలచుకోవాలి. 1980లలో ప్రపంచంలో అతి ఎక్కువగా ఉన్న పెద్ద వేటపక్షుల్లో తెల్లవీపు రాబందు ఒకటి. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో వెయ్యికి 999 పోయాయి. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, తిన్న రాబందు మూత్రపిండాల్ని చంపేస్తోందని 2004లో లిండ్సే ఓక్స్ బృందం తేల్చింది. వంద కళేబరాల్లో ఒక్కదానిలో ఆ మందున్నా ఆ జాతి పడిపోవడానికి చాలు. ఎందుకంటే ఒక కళేబరం మీద పదుల సంఖ్యలో వాలతాయి, ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. ఆ మందు వాడిన రైతు తన ఎద్దు నొప్పి తగ్గాలనుకున్నాడు, అంతే. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు, మెలాక్సికామ్ అనే సురక్షితమైన మందు దొరికింది. కారణం ఒక్కటే అయినప్పుడు, దానికి ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు జాతిని నిలబెట్టవచ్చని రాబందులు చూపించాయి. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకున్న సంగతి ఈ చీకటి కథలో ఒక ఊరట.

కలివికోడి, బట్టమేక పిట్టల విషయం అంత తేలిక కాదు. అక్కడ ఒక మందును నిషేధిస్తే పని అయిపోదు. అక్కడ కారణం ఒక జీవనవిధానం మారడం. దాన్ని ఏ చట్టంతో ఆపుతాం? ఆపాలని కూడా నేననను. మేకల కాపరి కొడుకు చదువుకుని కడపలో ఉద్యోగం చేయాలనుకుంటే అది మంచిదే. నిమ్మతోట వేసుకుని నాలుగు డబ్బులు చూడాలనుకుంటే అదీ మంచిదే. మనం చేయాల్సింది ఆ బతుకు చేసిపెట్టిన పనిని గుర్తించి, దానికి విలువ కట్టడం. పొదలు ఏ మోతాదులో ఉండాలో మనకు తెలుసు. హెక్టారుకు ఎన్ని ఉండాలో లెక్క ఉంది. ఆ మోతాదులో ఉంచేందుకు మేపేవాళ్ళకు, కొట్టేవాళ్ళకు అటవీశాఖ కూలి ఇచ్చి, ఏ వంకలో ఏ నెలలో మేపాలో వాళ్ళతోనే కలిసి నిర్ణయిస్తే, అభయారణ్యం కంచెగా మిగలకుండా ఒక పనిగా మారుతుంది. రోళ్ళపాడులోనూ జొన్న, కొర్ర వేసే రైతుకు, పంట కోసిన చేను కొన్నాళ్ళు దున్నకుండా వదిలే రైతుకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. జింకలు తిన్న పంటకు పరిహారం ఆలస్యం లేకుండా ఇవ్వవచ్చు. కొర్రకు ఇప్పుడు పట్నాల్లో మంచి ధర ఉంది. ఆ ధర రోళ్ళపాడు రైతుకు చేరే ఏర్పాటు వన్యప్రాణి సంరక్షణే అవుతుంది. ఈ డబ్బును దానంగా చూడకూడదు, వాళ్ళు చేస్తున్న పనికి వేతనంగా చూడాలి.

ఇంకొక మాట, ఇది ముఖ్యంగా ఇక్కడున్న విద్యార్థులకు. మన జిల్లాల్లో దొరికిన ప్రతి అరుదైన జీవి ఆచూకీ బయట పెట్టకండి. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నీలిరంగు సాలీడును 1899లో పోకాక్ వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్ళు దాని జాడ లేదు. 2001లో నంద్యాల–గిద్దలూరు మధ్య అడవుల్లో, వంద చదరపు కిలోమీటర్లకు మించని చోట మళ్ళీ కనిపించింది. అందంగా ఉంటుందని ప్రపంచమంతా పెంపుడు జంతువుల మార్కెట్లో అమ్ముకుంటున్నారు. దాని చెట్లు కొట్టేస్తే ఒక ముప్పు, దాని చోటు అందరికీ తెలిస్తే ఇంకో ముప్పు. ఫొటో పెట్టినప్పుడు ఊరి పేరు పెట్టనక్కర్లేదు.

చివరగా నేల కేటాయింపుల సంగతి. లంకమల బయట ఉన్న పొదనేల చాలావరకు రెవెన్యూ రికార్డుల్లో ఎవరికీ పనికిరానిదిగా నమోదై ఉంది. అనంతపురం, కర్నూలు వైపు సోలార్ పార్కులకు, పరిశ్రమలకు స్థలం చూసేటప్పుడు మొదట కళ్ళు పడేది అలాంటి నేల మీదే. పార్కులు వద్దనడం లేదు. అలాంటి నేలను కేటాయించే ముందు రెండు రుతువుల్లో సర్వే చేయమంటున్నాను. ఆ సర్వేలో కనీసం కొన్ని రాత్రులు ఉండాలి. పొద్దుగూకిన ముప్పావుగంట తర్వాత, ఆ కొద్దిసేపట్లో, శబ్దం రికార్డు చేసే పరికరాలు పొదల మధ్య ఆన్‌లో ఉండాలి. ఆ పరికరాలు ఇప్పుడు ఒక కళాశాల కూడా కొనుక్కోగల ధరలో ఉన్నాయి. అనంతపురం వైపు పెన్నా వంకలు, నెల్లూరు పడమటి అంచు, కోలార్ సరిహద్దు, భద్రాచలం దగ్గరి గోదావరి గట్లు, ఇవన్నీ ఒకప్పుడు ఈ పిట్ట ఉన్న చోట్లే. పిట్ట వినపడిన రాత్రి వివరాలు ఎంత ముఖ్యమో, ఏమీ వినపడని రాత్రి వివరాలు అంతే ముఖ్యం. తేదీ, సమయం, గాలి, చంద్రుడు అన్నీ రాయాలి. పగటి సర్వేలో కలివికోడి ఎప్పటికీ దొరకదు, ఆ సర్వే నివేదికలో లేదు అని రాస్తారు, దాని మీద సంతకం పడుతుంది. ఆ సంతకం పడే ముందు రాత్రి సర్వే జరగాలని ఈ సభ తరఫున జిల్లా యంత్రాంగానికి ఒక వినతిపత్రం ఇవ్వాలని నా ప్రతిపాదన. రాసిపెట్టి తెచ్చాను, సంతకాలు చేయదలచినవాళ్ళు సభ అయ్యాక ముందుకు రండి.